పసిబిడ్డల ఇల్లు – ఇష్టలింగ పూజ
(గృహస్థులకు ఒక పాఠము)



కొన్ని సంవత్సరముల క్రిందట ఒక శ్రావణ సోమవారమునాడు జహీరాబాదు ప్రాంతమున ఒక గ్రామ మఠములో శివానుభవ గోష్ఠి జరిగినది. నేనును అందు పాల్గొంటిని. ఉపన్యాసములు ముగిసిన పిదప స్వామివారు, ఎవరికైనను సందేహములున్నచో అడుగవచ్చునని సెలవిచ్చిరి. పురుషులు ఇద్దరు ముగ్గురు షట్స్థలమును గూర్చియు, పంచాచారములను గూర్చియు ప్రశ్నించిరి. అంతలో స్త్రీల వరుసలో చివరను, ద్వారమునకు దగ్గరగా కూర్చున్న ఒక యువతి లేచి నిలబడినది. ఆమె ఒడిలో ఒక శిశువు. కొంగు పట్టుకొని మరియొకడు. మరి ఇద్దరు బయట మండపములో ఆడుకొనుచున్నారు. ఆమె అడిగిన మాటలు నాకిప్పటికిని జ్ఞాపకమున్నవి.

"అయ్యగారూ, నాకు నలుగురు పిల్లలు. పెద్దదానికి ఏడేండ్లు, చిన్నవానికి ఏడు నెలలు. పొద్దున పూజకు కూచుంటే ఒకడు ఏడుస్తడు, ఒకడు విభూతి పళ్ళెం గుంజుతడు. నాలుగేండ్ల నుంచి ఒక్కనాడు కూడ పూజ నిండుగ చేసుకోలేదు. నాకు పాపం తగులుతదా?"

సభలో కొందరు నవ్విరి. స్వామివారు నవ్వలేదు. కొంతసేపు ఊరకుండి, "ఆ సమయంలో మీ ఇంట్లో తక్కినవాళ్ళు ఏం చేస్తుంటరు తల్లీ?" అని అడిగిరి.

ఆమె తల వంచుకొని, "వాళ్ళు పూజలో ఉంటరయ్యా" అన్నది.

ఆ ప్రత్యుత్తరముతో సభలోని నవ్వు నిలిచిపోయినది. ముందు వరుసలో కూర్చున్న పురుషులము ఒకరి ముఖమొకరు చూచుకొంటిమి. ఆనాడు స్వామివారు ఆమెకు చెప్పిన పరిష్కారమును ఈ పాఠము చివర తెలిపెదను. అంతకుముందు, ఆ ప్రశ్న మన ధర్మమున ఎంత లోతుకు పోవుచున్నదో, పలువురు పసిబిడ్డలున్న ఇంటికి శరణుల మార్గము ఏమి చెప్పుచున్నదో కొంచెము విచారింతము.

1. తొట్టిలోనే మొదలైన ధర్మము

వీరశైవ కుటుంబమున బిడ్డకు ధర్మసంబంధము పెరిగి పెద్దయైన తరువాత కలుగునది కాదు. కొన్ని సంప్రదాయములలో గర్భిణికి ఎనిమిదవ మాసమునందే గర్భస్థశిశువును ఉద్దేశించి లింగధారణ చేయుదురు. శిశువు పుట్టిన పిదప గురువు వచ్చి విభూతి ధరింపజేసి, లింగమును కట్టి, చెవిలో మంత్రమును చెప్పును. పెరిగి బుద్ధి తెలిసిన పిమ్మట దీక్ష. ఇందు గమనింపదగిన విషయములు మూడు కలవు.

మొదటిది: ఆడుబిడ్డకును మగబిడ్డకును ఒకే లింగము, ఒకే మంత్రము, ఒకే విభూతి. బాల్యమున బసవన్న ఉపనయనమును నిరాకరించెనని పురాణము చెప్పుచున్నది. అక్క నాగమ్మకు లేని సంస్కారము తనకేల యని ఆ బాలుడు తండ్రి మాదరసును ప్రశ్నించెనని జనశ్రుతి. ఆ ప్రశ్న నుండి పుట్టిన సమాజము మనది. కావున కుమారునికి పాలు, కుమార్తెకు మజ్జిగ పోయు ఇల్లు, గోడపై బసవన్న పటమున్నను, బసవన్న ఇల్లు కానేరదు.

రెండవది: మనకు జననసూతకము లేదు. జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్ట, జాతి అను పంచసూతకములు లింగధారికి అంటవని శరణులు సిద్ధాంతీకరించిరి. పురుడు వచ్చిన ఇంట ఆ తల్లి ఆనాడే లింగపూజకు అర్హురాలు. ఇది మనము గర్వముతో చెప్పుకొను మాట. కాని ఆచరణలో విచిత్రమేమనగా, శాస్త్రము ఆమెకు ఇచ్చిన అర్హతను మనము తీసివేయలేదు. ఆ అర్హతను వినియోగించుకొనుటకు కావలసిన పావుగంట కాలమును మాత్రము ఇవ్వలేదు. ఇట్లు ఇచ్చిన అర్హత కాగితముపై వ్రాసిన భోజనము వంటిది.

మూడవది: లింగము కట్టిన దినము నుండి ఆ శిశువు లింగధారి. తొట్టిలో కాళ్ళాడించుచున్న పసివాని దేహమును పెద్దల దేహము వలెనే లింగమునకు నెలవు. ఈ మాటను మనస్సులో నిలుపుకొన్నచో, బిడ్డలపై చేయి ఎత్తుటకు ముందు మనము చాల ఆలోచింపవలసియుండును. దానిని గూర్చి తరువాత వ్రాసెదను.

ఇచట ఒక ఆచరణ విషయము కూడ చెప్పవలెను. పసికందు మెడలో పొడవైన శివదారమును వేసి నిద్రపుచ్చుట ప్రమాదకరము. దారము మెడకు బిగియవచ్చును. పెక్కు ఇండ్లలో పెద్దలు శిశువు లింగమును తల్లి వద్దనో, తొట్టికి పైభాగముననో భద్రపరచి, స్నానానంతరము తాకించి, మరల అచటనే ఉంచుదురు. ఇది తెలివైన పద్ధతి. ధర్మమును కాపాడుటకు బిడ్డను ప్రమాదమునకు గురిచేయవలసిన పనిలేదు.

2. పసిబిడ్డల వలన కలుగు ఆనందము

కష్టమును గూర్చి చెప్పుటకు ముందు ఆనందమును గూర్చి చెప్పుట న్యాయము. నలుగురు పసివారున్న ఇంట నిశ్శబ్దముండదు. అయినను ఒకడు ఏడ్చిన ముగ్గురు పరుగెత్తి వచ్చెదరు. మాటలు రాని వానికి మూడేండ్లవాడు భాష్యకారుడగును. "తమ్ముడికి నీళ్ళు కావాలట" అని తల్లికి చెప్పును. పెద్దది వర్ణమాల వల్లించుచుండగా రెండవవాడు అడుగకయే నేర్చుకొనును. ఒకనికి కట్టిన ఉయ్యాలలో నలుగురు వరుసగా పెరుగుదురు; ఒకదాని గౌను చెల్లెలికి సరిపోవును. పంచుకొనుట, వేచియుండుట, ఓడిపోవుట, మరల కలిసికొనుట — వీనిని ఒంటరి బిడ్డకు ప్రయత్నపూర్వకముగా నేర్పవలెను. పలువురున్న ఇంట అవి దినచర్యలో భాగములు.

శరణ సాహిత్యము పసితనమును ఎంత గౌరవించినదో చూడుడు. 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున మహావీరభక్తుల కథల నడుమ గొడగూచి అను పసిబాలిక కథను చెప్పెను. తండ్రి గ్రామాంతరమునకు పోవుచు, ప్రతిదినము శివునికి పాలు ఆరగింపు చేయుమని కుమార్తెకు అప్పగించెను. నైవేద్యమనగా చూపి తీసికొని వచ్చుటయని ఆ పిల్లకు తెలియదు. శివుడు నిజముగా త్రాగవలెనని ఆమె కూర్చున్నది; త్రాగకపోగా ఏడ్చినది, బ్రతిమాలినది, భయపడినది. శివుడు త్రాగక తప్పలేదు. పెద్దవారి భక్తికి శాస్త్రజ్ఞానము తోడుండవచ్చును. పసిదాని నిష్ఠకు మాటయందు నమ్మకమే తోడు. మన ఇంట మూడేండ్ల పిల్ల అన్నము ముద్దను తీసికొనిపోయి లింగము ఎదుట పెట్టి "తిను" అన్నప్పుడు, ఎంగిలి చేసినదని గద్దింపకుడు. గొడగూచి కథను మనము పీఠముల మీద చదువుచున్నాము. అది మన నట్టింట జరిగినప్పుడు గుర్తింపలేకపోవుట మన లోపము.

అదే పురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. లోకమున అందరికిని తల్లి యున్నది, శివునికి మాత్రము లేదని ఆమె జాలిపడినది. తల్లియే యున్నచో ఆయన విషము త్రాగుటకును, పాములను చుట్టుకొనుటకును, వల్లకాటిలో తిరుగుటకును ఒప్పుకొనెడిదా యని తలపోసినది. తలపోసి ఊరకుండక, తానే తల్లియై శివుని బిడ్డగా భావించి నూనె అంటి, నీళ్ళు పోసి, కాటుక పెట్టి, పాలుపట్టి, జోలపాడినది. ఇందు ఆమె చేసిన పూజావిధానమేమి? ప్రతి తల్లియు ప్రతిదినము ఉదయమున చేయు పనులే. వానిని సోమనాథుడు భక్తిగా గుర్తించి గ్రంథమునకు ఎక్కించెను. నలుగురు బిడ్డలకు నలుగు పెట్టి నీళ్ళుపోయు ఇల్లాలు, తాను పూజకు దూరమైతినని కుమిలిపోవుచుండగా, ఎవరును ఆమెకు ఈ కథను గుర్తు చేయరు.

అయినచో బిడ్డల సేవయే పూజ, కావున తల్లికి వేరుగా లింగపూజ అక్కరలేదని అనవచ్చునా? అనరాదు. కాయకము నిష్ఠతో చేయుచున్నప్పుడు పూజయందలి కొరత దోషము కాదని శరణులు బోధించిన మాట వాస్తవమే. ఆ మాట అలసిన తల్లికి ఓదార్పు కొరకు. ఆమె భాగమును తక్కినవారు అనుభవించుటకు అనుమతిపత్రము కాదు. అరచేతిలో లింగమునుంచుకొని కనులు నిలిపి కూర్చున్న ఆ కొద్ది కాలమే ఆమెకు దినములో తనదైన కాలము. దానిని కోల్పోయిన తల్లి కొంతకాలమునకు ఎండిపోవును. ఆ ఎండుదల మొదట తగులునది బిడ్డలకే.

3. కష్టములు – వాని స్వరూపము

పలువురు పసివారి పెంపకములో కష్టములు అనేకము. వానిలో ధనము, నిద్ర, అనారోగ్యము అందరికిని తెలిసినవే. మన ఆచారముతో సంబంధమున్న నాలుగింటిని మాత్రము విచారింతము.

(అ) పంపకము. నలుగురు బిడ్డల ఇంట ప్రతిదినము జరుగు తగవు పంపకమును గూర్చినదే. ఒక బెల్లపుముక్క, ఒక జొన్నరొట్టె, తల్లి ఒడి, తండ్రి భుజము — అన్నియు పంచవలసినవే. సమముగా పంచితిని గదా యని తల్లి అనుకొనును; అయినను ఒకడు ఏడ్చును. ఆయ్దక్కి మారయ్య కథ ఇచట మనకు పాఠము. ఆయన కల్యాణమున నేల రాలిన బియ్యపు గింజలను ఏరి, దానితో దాసోహము చేయు శరణుడు. ఒకనాడు మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. నేటి అవసరమునకు మించినది మనది కాదు, తిరిగి పోసి రమ్మన్నది. ఆమె కొలత సమానము కాదు, అవసరము. బిడ్డల విషయమునను ఇదే కొలత. జ్వరపడిన వానికి ఒడి ఎక్కువ కావలెను. చదువు మొదలిడిన దానికి దీపము దగ్గరి చోటు కావలెను. పాలు మాన్పించిన వానికి మాటలెక్కువ కావలెను. ఈ దినము ఎవరికి ఏది ఎందులకు ఎక్కువ ఇచ్చుచున్నామో తక్కిన బిడ్డలకు విప్పి చెప్పినచో, ఐదేండ్ల వాడును అర్థము చేసికొనును. చెప్పకుండ ఇచ్చినదే పక్షపాతమువలె కనబడును.

(ఆ) కొత్త బిడ్డ వచ్చినప్పటి అసూయ. తమ్ముడు పుట్టగానే మూడేండ్లవాడు మరల పక్క తడుపును, పాలసీసా అడుగును, నిద్రలో ఉలికిపడును, ఒక్కొక్కప్పుడు శిశువును గిల్లును. అతడు చెడ్డవాడు కాలేదు. తన చోటు పోయినదని భయపడినాడు. వానిని దండించినచో ఆ భయము నిజమగును. వానికొక చిన్న కాయకమును అప్పగింపుడు: తమ్ముని తువాలు అందించుట, ఉయ్యాల త్రాడు పట్టుకొనుట, పూజకు పత్రి తెచ్చుట. శరణుల సంఘమున త్రాడు పేనిన నులియ చందయ్యకును, కట్టెలమ్మిన మోళిగె మారయ్యకును, పడవ నడిపిన అంబిగర చౌడయ్యకును వారి వారి పని వలననే గౌరవస్థానము లభించినది. ఇంటిలో తనకొక పనియున్న బిడ్డ, తనకొక చోటున్నదని నమ్మును.

(ఇ) పోలిక. "అక్కను చూడు, నీవును ఉన్నావు" అను మాట మన ఇండ్లలో రోజుకు ఎన్నిసార్లు వినబడునో లెక్కలేదు. సొన్నలిగె సిద్ధరాముని బాల్యమును తలచుకొనుడు. ఆ బాలుడు మాటాడక మందునివలె నుండెననియు, పశువులను కాయుటకు పంపిరనియు, అట్టి బాలునికే మల్లయ్య దర్శనమిచ్చెననియు, ఆయనను వెదకుచు ఆ బాలుడు శ్రీశైలమునకు పోయెననియు కథ. కన్నడమున రాఘవాంకుడు ఆ చరిత్రను కావ్యముగా రచించెను. మందుడనుకొన్న ఆ బాలుడే పెరిగి చెరువులు త్రవ్వించిన కర్మయోగి, శరణులలో అగ్రగణ్యుడు ఆయెను. మాటలు ఆలస్యమైన బిడ్డను వైద్యునికి చూపుట అవసరము. దానిని వాయిదా వేయరాదు. కాని అక్కతో పోల్చి కించపరచుట ఏ వైద్యమును కాదు. నలుగురు బిడ్డలున్న తల్లిదండ్రులకు నాలుగు కొలతలుండవలెను.

(ఈ) పెద్దబిడ్డపై భారము. ఇది మనము తక్కువ మాట్లాడుకొను విషయము. తల్లికి చేయి ఖాళీ లేనప్పుడు ఏడేండ్ల ఆడుపిల్ల రెండవ తల్లి యగును. చంకన తమ్ముడు, చేత చెంబు. "మా పెద్దది చాల బుద్ధిమంతురాలు, ఇల్లంతా అదే చూచుకొనును" అని బంధువులతో మెచ్చుకొందుము. ఆ మెప్పు వెనుక ఆ పిల్ల మానివేసిన ఆటలు, మరచిపోయిన పాఠములు ఉన్నవి. కొన్నాళ్ళకు బడి మానుట కూడ. 6 నుండి 14 ఏండ్ల వరకు ప్రతి బిడ్డకును ఉచిత నిర్బంధ విద్య హక్కని 2009లో చట్టము వచ్చినది. చట్టమునకు ఎనిమిది శతాబ్దములకు ముందే అక్క నాగమ్మయు, అక్కమహాదేవియు, లక్కమ్మయు మాటాడిన అనుభవమంటపము మనకున్నది. ఆ వారసత్వము కలవారి ఇంట పెద్దపిల్ల తమ్ముని ఎత్తుకొనుటకై బడి మానరాదు. సాయము చేయుట నేర్పుడు, బరువంతయు మోపకుడు. ఆ కాయకము పెద్దలది.

4. ఆగ్రహము

పై నాలుగు కష్టములును కలిసి ఒకచోట పేలును. దాని పేరు ఆగ్రహము. నలుగురిలో ఒకడు పాలు ఒలికించును, ఇంకొకడు అరచును, పొయ్యిపై రొట్టె మాడును, చేయి లేచును. కొట్టిన తరువాత తల్లియు ఏడ్చును. దీనిని ఎరుగని ఇల్లు లేదు. దీనిని గూర్చి ఉపదేశము చేయుట సులభము. ఇంట నిలుచుట కష్టము. అయినను వీరశైవులకు ఇందొక ప్రత్యేకమైన బాధ్యత కలదు.

ఏ అరచేతిలో ఉదయమున ఇష్టలింగమును నిలిపి పూజించితిమో, ఆ అరచేతితోనే మధ్యాహ్నము బిడ్డ చెంపపై కొట్టుచున్నాము. ఆ బిడ్డయు లింగధారియే. ఈ రెండు మాటలను కలిపి ఆలోచించినచో, కొట్టుట కేవలము పెంపకపు లోపము కాక ఆచారలోపము కూడ నగునని తెలియును. లింగాచారమును పాటించుచున్నామని చెప్పుకొనువారము లింగధారియైన పసివానిని అవమానింపవచ్చునా?

చేయి లేచినప్పుడు ఏమి చేయవలెను? అనుభవజ్ఞులైన తల్లులు చెప్పినది వ్రాయుచున్నాను. బిడ్డను సురక్షితమైన చోట కూర్చుండబెట్టి, ప్రక్కగదిలోనికి పోయి, లింగముపై చేయి నుంచి పంచాక్షరిని పదునొకండు మారులు స్మరింపవలెను. అంతలో బిడ్డ ఏడ్చిన ఏడ్వనిండు. ఆ ఏడుపుకంటె ఆ దెబ్బ ఎక్కువ కాలము నిలుచును. ఒకవేళ కొట్టియే యుండినచో, సాయంకాలము లోపల ఆ బిడ్డను ఒడిలోనికి తీసికొని, "తప్పు చేసితిని" అని చెప్పవలెను. పెద్దవారు పసివానికి తలవంచుట ఏమని సంకోచింపనక్కరలేదు. చిన్నపెద్దలనక శరణునికి శరణు "శరణు" అని నమస్కరించు సంఘము మనది. తల్లిదండ్రుల నోట క్షమాపణ విన్న బిడ్డ, రేపు తన తమ్మునితో ఆ మాట చెప్పును.

5. పురుషుల భాగము

ఈ భాగమును వ్రాయుటకు నాకు అధికారము తక్కువ. నాకును నలుగురు బిడ్డలు. ఇప్పుడు అందరును పెద్దవారై సంసారులైరి. వారు పసివారుగా నున్న కాలమున నేను ప్రతిదినము ఉదయమున తలుపు మూసికొని గంటసేపు లింగపూజ చేసికొనుచుండెడివాడను. బయట నుండి ఏడుపులు వినబడినచో, "పూజవేళ పిల్లలను ఊరకుండబెట్టలేవా?" అని లోపలినుండియే కేకవేసెడివాడను. నా భక్తిని గూర్చి ఊరిలో మంచి పేరుండెను. నా ఇల్లాలు ఎప్పుడు పూజ చేసికొనుచున్నదో నేను అడిగిన జ్ఞాపకము లేదు. ఆ గోష్ఠిలో ఆ యువతి "వాళ్ళు పూజలో ఉంటరయ్యా" అన్నప్పుడు తలవంచుకొన్న వారిలో నేనొకడను. ఇంటికి వచ్చి ఆమెను అడిగితిని. "పిల్లలు పడుకున్న తర్వాత, రాత్రి పొయ్యి దగ్గర" అని చెప్పి, ఆమె తన పనిలోనికి పోయినది. అంతకుమించి ఏమియు అనలేదు. ఆమె నన్ను నిందించియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

స్థావరముకంటె జంగమమునకు, కదలనిదానికంటె చైతన్యముతో కదలుదానికి బసవన్న పెద్దపీట వేసెను. జంగమమనగా గురుస్వరూపుడైన జంగమమూర్తియే. పసిపిల్లలను ఆ స్థానమున కూర్చుండబెట్టుట నా ఉద్దేశము కాదు. కాని ఆ బోధలోని సారము ఒకటి మనకు వర్తించును: ఎదుట ఆకలితోనో భయముతోనో ఏడ్చుచున్న ప్రాణిని విడిచి తలుపు మూసికొని చేయు పూజ ఎవరికి చేరును?

చెన్నబసవన్న అక్క నాగమ్మ కుమారుడు. మేనమామ బసవన్న ఇంట, శరణుల నడుమ పెరిగెను. అట్లు పెరిగిన ఆ బాలుడే షట్స్థలజ్ఞానియై శరణులకు మార్గము చూపెను. పెంపకమనునది కన్నతల్లి ఒక్కతె పని కాదనుటకు ఇంతకంటె గొప్ప దృష్టాంతము అక్కరలేదు. తండ్రి, మేనమామ, తాత, అవ్వ, చిన్నాన్న — ఎవరికి వారు ఒక గడియ ఇచ్చినచో, తల్లికి ఒక జాము లభించును.

6. కాలము మారినది

నేడు నలుగురు బిడ్డలున్న ఇండ్లు తగ్గినవి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఒక్కొక్క స్త్రీకి కలుగు సంతానము సగటున ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణమున 1.8. ఉమ్మడి ఇండ్లలో అన్నదమ్ముల బిడ్డలు కలిసి పెరుగుచున్న చోటులందును, వెంటవెంటనే కానుపులైన చోటులందును, కవలలు పుట్టిన చోటులందును కష్టము పూర్వమువలెనే యున్నది. పూర్వము అవ్వలు, అత్తలు, పొరుగువారు ఉండిరి; నేడు పట్టణమున రెండు గదుల ఇంట ఇద్దరు పసివారితో ఒంటరిగా నున్న తల్లి, పాతకాలపు నలుగురు బిడ్డల తల్లికంటె ఎక్కువ అలసియుండవచ్చును.

బిడ్డకును బిడ్డకును నడుమ ఎడముండుట తల్లి ప్రాణమునకును, శిశువు ఆరోగ్యమునకును మేలు. ఒక ప్రసవము తరువాత మరల గర్భము ధరించుటకు కనీసము 24 నెలలు ఆగుట మంచిదని, మొదటి 6 నెలలు శిశువుకు తల్లిపాలు మాత్రమే ఇవ్వవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. మగబిడ్డ కొరకు కానుపుపై కానుపు మోపుట, ఆడుబిడ్డకును లింగము కట్టు ధర్మమునకు తగినది కాదు.

7. మఠముల కర్తవ్యము

ఇల్లు చేయలేని దానిని మఠము చేయవలెను. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వామివారు 1941 నుండి పీఠాధిపతులుగా నుండి, 2019 జనవరి 21న లింగైక్యులగు వరకు కులమత భేదము లేక వేలాది బిడ్డలకు అన్నము, అక్షరము, ఆశ్రయము ఇచ్చిరి. దీనినే త్రివిధ దాసోహమందురు. సంసారము లేని ఒక యతి అంతమంది బిడ్డలకు తల్లియు తండ్రియు ఆయెను.

మన గ్రామ మఠములకు అంతటి శక్తి లేకపోవచ్చును. చిన్న పనులు చేయవచ్చును. గోష్ఠి జరుగునప్పుడు పసివారి కొరకు ఒక మూల చాపలు పరచి, వారిని చూచుకొనుటకు ఇద్దరు పెద్దలను నియమింపవచ్చును. అప్పుడు తల్లులు ద్వారము వద్ద గాక ముందు కూర్చుండి వినగలరు. బాలింతరాలున్న ఇంటికి వారము దినములు దాసోహపు వంటను పంపవచ్చును. తల్లి లేని బిడ్డలున్న ఇంటిని భక్తులు వంతులవారీగా చూచుకొనవచ్చును. ఇవి ధనముతో జరుగు పనులు కావు.

8. ఆచరణకు

ఒకటి. ఉదయమున ఇంటిలోని పెద్దలందరు ఒకేమారు పూజకు కూర్చుండరాదు. వంతు ఏర్పరచుకొనవలెను, అందు పసిబిడ్డల తల్లి వంతు మొదటిది.

రెండు. వారమునకు ఒకదినమైనను బిడ్డలందరిని చుట్టు కూర్చుండబెట్టుకొని సామూహికముగా పూజ చేయవలెను. వారు అల్లరి చేసినను లేవగొట్టరాదు. విభూతి పెట్టుట, పత్రి అందించుట వారి చేతనే చేయింపవలెను.

మూడు. ప్రతి బిడ్డకును వయస్సుకు తగిన చిన్న కాయకము. ఏ బిడ్డకును చదువును, ఆటను చెరుపు భారము వలదు.

నాలుగు. భోజనమున ఆడ, మగ భేదము లేదు. మొదటి ముద్ద అందరికంటె చిన్నవానికి. ఆ ముద్దను పెట్టుట అందరికంటె పెద్దవాని వంతు.

ఐదు. కొట్టిన దినమున క్షమాపణ లేక నిద్రింపరాదు.

9. స్వామివారి సమాధానము

ఆనాటి గోష్ఠికి తిరిగి వత్తము. సభ నిశ్శబ్దముగా నుండగా స్వామివారు ఆ యువతితో, "నీ ఒడిలో బిడ్డ ఉండగానే అరచేతిలో లింగాన్ని పెట్టుకో తల్లీ. వాడు చెయ్యి వేస్తే వెయ్యనీ. వాడి లింగం కూడా అదే గదా! నీకు పాపం లేదు" అని చెప్పిరి. పిదప ముందు వరుస వైపు చూచి, "ఈమె మామగారెవరు?" అని అడిగిరి. ఒక వృద్ధుడు లేచి నిలబడెను. "రేపటి నుంచి కోడలి పూజ అయినాకనే మీ పూజ. అంతదాకా పిల్లలు మీ దగ్గర ఉంటరు. ఇది మీకు నేను ఇస్తున్న కాయకం" అనిరి.

ఆ వృద్ధుడు కొంచెము తడబడి, చేతులు జోడించి, "శరణు" అనెను. అంతలో మండపములో ఆడుకొనుచున్న ఐదేండ్ల బాలుడు లోనికి పరుగెత్తి వచ్చి, తల్లి వైపు పోక, తాత పంచె పట్టుకొని నిలిచెను. తాత వానిని ఎత్తుకొని కూర్చుండెను. గోష్ఠి ముగియు వరకు ఆ యువతి ముందునకు వచ్చి కూర్చుండి వినినది.

మననమునకు ప్రశ్నలు

1. మన ఇంట పంచసూతక నిరాకరణమును మాటలలో పాటించుచున్నామా, ఆచరణలో పాటించుచున్నామా?
2. మన ఇంట పసిబిడ్డల తల్లికి పూజాసమయము ఎప్పుడు? దానిని ఎవరు నిర్ణయించిరి?
3. ఆయ్దక్కి లక్కమ్మ కొలతను బిడ్డల మధ్య పంపకమునకు ఎట్లు అన్వయింపవచ్చును?
4. మన పెద్దబిడ్డ చేయుచున్న ఇంటిపనిలో, పెద్దలు చేయవలసినది ఎంత?

ఇంటిల్లిపాదియు కలిసి కూర్చుండి ఈ ప్రశ్నలకు సమాధానములు చెప్పుకొనవలెనని మనవి. బిడ్డలను కూడ మాటాడనిండు.

శరణు శరణార్థి.